నెక్ డీప్‌గా ఉన్న బట్టల్ని నిండుగా వేసుకోవడం ఎలా

నెక్ డీప్‌గా ఉన్న టాప్ చేతికి రాగానే చాలామంది చేసే పని, లోపల ఏదో ఒక స్లిప్ వేసేసుకోవడం. అద్దం ముందు నిటారుగా నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. అరగంట గడిచేసరికి స్లిప్ కిందికి జారుతుంది, టాప్ ఓ పక్కకి ఒరుగుతుంది, చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోతుంది. రోజంతా ధ్యాస పని మీద ఉండాల్సింది బట్టల మీద ఉంటుంది. నెక్ ఎక్కడ తెరుచుకుంటోందో, ఎప్పుడు తెరుచుకుంటోందో, ఎందుకో చూడకుండా పొర వేయడం వల్లే ఈ తిప్పలు. అది తెలిస్తే చాలాసార్లు అరచేతంత గుడ్డముక్కతోనో, రెండు టిచ్ బటన్లతోనో పని అయిపోతుంది.

ముందు మీ గీత ఎక్కడో తేల్చుకోండి

ఎంతవరకు కప్పుకోవాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సిందే. కానీ ఆ నిర్ణయాన్ని ఒకసారి అంగుళాల్లో రాసిపెట్టుకుంటే ప్రతి టాప్ దగ్గరా మళ్లీ తడబడక్కర్లేదు. గొంతు కింద, రెండు ఎముకల మధ్య చిన్న గుంట ఉంటుంది. టేపు అక్కడ పెట్టి, మీకు ఇబ్బంది లేని చోటిదాకా కిందికి కొలవండి. టేపు దగ్గర లేకపోతే వేళ్లతో చూసుకోవచ్చు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే దాదాపు 3 అంగుళాలు. నిలబడి కొలిచిన లెక్కలోంచి అర అంగుళం తగ్గించి రాసుకోండి. ముందుకి వంగినప్పుడు గుడ్డ ఒంటిని వదిలి వేలాడుతుంది కాబట్టి ఆ అర అంగుళం అవసరమవుతుంది.

ఇప్పుడు ఆ టాప్ వేసుకుని అద్దం ముందు కదిలి చూడండి. నిలబడి చూసుకోవడం పరీక్ష కిందికి రాదు. బల్ల మీద రాస్తున్నట్టు ముందుకి వంగండి. కింద పడ్డ పెన్ను తీస్తున్నట్టు పూర్తిగా వంగండి. పై అరలోంచి డబ్బా అందుకుంటున్నట్టు రెండు చేతులూ ఎత్తండి. కుర్చీలో కూర్చుని, వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నట్టు నడుము తిప్పండి. భుజానికి బ్యాగు తగిలించుకుని నాలుగడుగులు వేయండి. బ్యాగు బెల్టు టాప్‌ని ఒక పక్కకి లాగుతుంది, నెక్ అటు జరుగుతుంది. దీన్ని ఎక్కువమంది చూసుకోరు. చివరగా కిటికీకి వీపు పెట్టి నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో, ఫ్లాష్ వేసి ఇంకొకటి తీయించుకోండి. గుడ్డ పల్చనా కాదా అన్నది కంటికన్నా ఈ రెండు ఫొటోల్లో స్పష్టంగా తెలుస్తుంది.

ఏ కదలికలో ఏ చోట తెరుచుకుందో గుర్తుపెట్టుకోండి. మందు దాన్ని బట్టే ఉంటుంది. నిలబడినప్పుడే నెక్ మీ గీతకన్నా కిందికి ఉంటే అది నిజంగా లోతుగా ఉన్నట్టు, దానికి గుడ్డ కలపాలి. నిలబడితే బాగుండి, వంగితే తెరుచుకుంటుంటే నెక్ వదులుగా ఉన్నట్టు, దానికి బిగింపు కావాలి. చేతులెత్తితే పక్కనుంచి కనిపిస్తుంటే తప్పు చంక రౌండుది, నెక్‌ది కాదు. ఈ మూడింటినీ ఒకే స్లిప్‌తో సరిచేయబోతేనే వేసుకున్నది నిలవదు.

లోపలి పొర

పై పొర చేతుల్ని, భుజాల్ని, వీపుని, చంకల్ని కప్పుతుంది. మెడ మధ్యభాగాన్ని కప్పేది లోపలి పొరే. జాకెట్టో ష్రగ్గో వేసుకుంటే నెక్ సమస్య తీరుతుందనుకుంటారు గానీ, ముందు తెరిచి ఉండే ఏ జాకెట్ అయినా మధ్యలో ఆ లోతుని అలాగే వదిలేస్తుంది. పైగా రెండు పక్కలా అంచులు నిలువు గీతల్లా ఉండి చూపుని అటే తీసుకెళ్తాయి.

లోపల వేసుకునే స్లిప్ జారడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి. పట్టీలు పొడవుగా ఉండటం మొదటిది. సర్దుకునే బకిల్ ఉంటే బిగించండి, లేకపోతే వెనక వైపు పట్టీని మడిచి అంగుళం మేర కుట్టేయండి. రెండోది, ఒంటి కొలతకన్నా పెద్ద సైజు కొనడం. లోపలి పొర చర్మానికి అంటుకుని ఉండాలి, ఊపిరి బిగబట్టేంత కాదు. మూడోది, పై అంచులోని ఎలాస్టిక్ చచ్చిపోవడం. వేడినీళ్లలో ఉతికి, మిషన్లో వేడిగాలికి ఆరబెట్టిన స్లిప్పులకి ఇది తొందరగా వస్తుంది. అంచుని పట్టి రెండింతలు లాగి వదలండి. వెంటనే వెనక్కి రాకపోతే దాన్ని పక్కన పెట్టేయడమే.

మంచి చిట్కా ఒకటుంది. చాలా స్లిప్పులకి, టాంక్ టాపులకి వెనక మెడ ముందుదానికన్నా ఎత్తుగా ఉంటుంది. అలాంటిదాన్ని తిప్పి, వెనక భాగం ముందుకి వచ్చేలా వేసుకుంటే అంగుళమో రెండు అంగుళాలో ఎత్తు ఊరికే దొరుకుతుంది. లేబుల్ గొంతు కింద గుచ్చుకోకుండా ముందే కుట్టు విప్పి తీసేయండి. కత్తెరతో కోస్తే మిగిలిన మొదలు ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. ఛాతీ దగ్గర టక్కులు వేసి కుట్టినవి, లోపల ప్యాడ్ ఉన్నవి మాత్రం ఇలా తిప్పి వేసుకోవడానికి పనికిరావు.

పట్టీలు లేని ట్యూబ్ రకం లోపలి పొర మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. పైనుంచి పట్టి ఉంచేది ఏమీ లేక చేతులెత్తిన ప్రతిసారీ జారుతుంది. ఉన్నది అదొక్కటే అయితే పై అంచుకి లోపల వైపు, సరిగ్గా బ్రా పట్టీలు వచ్చే చోట, రెండు అంగుళాల రిబ్బన్ ముక్కలు రెండు కుట్టండి. రిబ్బన్ని పట్టీ చుట్టూ తిప్పి టిచ్ బటన్‌తో మూస్తే జారదు.

గుడ్డ సంగతి కూడా చూసుకోవాలి. కాటన్ బనియన్ గుడ్డ మీద కాటన్ టాప్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నడిచేకొద్దీ పైది పైకి పాకుతుంది, ముడతలు పడుతుంది. పై టాప్ కాటన్ అయితే లోపల నున్నటి గుడ్డ, మోడల్ (modal) అనే మెత్తటి రకం గానీ నైలాన్ కలిసింది గానీ, హాయిగా ఉంటుంది. పై టాప్ పాలిస్టర్ అయితే లోపల పల్చటి కాటన్ మేలు. పాలిస్టర్ మీద పాలిస్టర్ పొడి వాతావరణంలో చిటపటలాడుతూ ఒంటికి అతుక్కుపోతుంది.

రంగు విషయంలో అందరూ చేసే పొరపాటు, తెల్ల టాప్ లోపల తెల్ల స్లిప్ వేయడం. చర్మం రంగుకీ స్లిప్ రంగుకీ తేడా ఉండటం వల్ల స్లిప్ అంచులన్నీ గీతలు గీసినట్టు బయటికి తెలుస్తాయి. పల్చటి తెలుపు లోపల మీ చర్మం రంగుకి దగ్గరగా ఉన్నదే కనపడదు. నెక్ దగ్గర బయటికి కనిపించే లోపలి పొర అయితే టాప్ రంగులోనే ఉండాలి, లేదంటే పూర్తిగా వేరే రంగు కావాలి. కొంచెం తేడా ఉన్న రెండు నలుపులు పక్కపక్కన ఉంటే ఒకటి వెలిసిపోయినట్టు ఉంటుంది.

ఎంత కనిపించాలన్నదానికీ ఒక లెక్క ఉంది. నెక్ పైన లోపలి పొర కనీసం అంగుళం కనిపిస్తే కావాలని వేసుకున్నట్టుంటుంది. పావు అంగుళం తొంగిచూస్తే లోదుస్తులు బయటపడ్డాయనుకుంటారు. కింది అంచుకీ ఇదే. లోపలిది పైదానికన్నా రెండు అంగుళాలు పొట్టిగా ఉండి అసలు కనపడకూడదు, లేదా రెండు అంగుళాలు పొడుగ్గా ఉండి బాగా కనపడాలి.

వేడికి ఓర్వలేనివాళ్లకి సగం పొర

రెండు పొరలు వేసుకుంటే చెమట పడుతుందని మానేసేవాళ్లకి డిక్కీ మంచి దారి. మెడ, ఛాతీ పైభాగం మాత్రమే ఉండి, చేతులూ నడుమూ లేని సగం బనియన్ అది. పాత టీషర్టుతో ఇంట్లోనే గంటలో చేసుకోవచ్చు. మెడ గుండ్రంగా, పైకి ఉండి, నెక్ పట్టీ ఇంకా బిగువుగా ఉన్న టీషర్టు తీసుకోండి.

టీషర్టుని బల్ల మీద పరిచి, నెక్ పట్టీ అంచునుంచి భుజం కుట్టు వెంబడి 2 అంగుళాల దగ్గర చుక్క పెట్టండి. ఆ చుక్కనుంచి నిలువుగా కిందికి, కొద్దిగా బయటికి ఒంపు తిరిగేలా గీత గీయండి. ముందు భాగం భుజం నుంచి 11 అంగుళాలు, వెనక భాగం 7 అంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించేయండి. చేతులు, పక్కలు, కింది సగం పోతాయి. భుజం కుట్టు చివర తెగిన చోట దారం ఊడిపోకుండా నాలుగు కుట్లు వేసి ముడేయండి. బనియన్ గుడ్డ పోగులు ఊడదు కాబట్టి మిగతా అంచులు మడవాల్సిన పనిలేదు. మడిస్తే ఆ లావు టాప్ మీదికి గీతలా తేలుతుంది కూడా.

ఇలాగే వేసుకుంటే ముందు భాగం గాలికి ఎగిరి పైకి చుట్టుకుంటుంది. దానికి ఎలాస్టిక్ కావాలి. ముందు భాగం కింది మూలనుంచి చంక కిందుగా వెనక భాగం మూలదాకా ఒంటి మీదే కొలవండి. అందులోంచి అంగుళం తగ్గించి, అర అంగుళం వెడల్పున్న మెత్తటి ఎలాస్టిక్ ముక్కలు రెండు కోసి రెండు పక్కలా కుట్టండి. చివర్లు అర అంగుళం గుడ్డ మీదికి వచ్చేలా పెట్టి, చతురస్రం ఆకారంలో కుడితే లాగినా ఊడదు. అంగుళం కాక రెండు మూడు తగ్గించి బిగించారంటే డిక్కీ వెనక్కి లాక్కుపోయి మెడ గొంతుని నొక్కుతుంది.

కాలర్ ఉన్న పాత షర్టుతో కూడా ఇదే పద్ధతి. అయితే అది నేత గుడ్డ, పోగులు ఊడుతుంది. అంచులు జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ చేయించాలి.

వీ నెక్‌కి గుడ్డముక్క కుట్టడం

ఎక్కువగా వేసుకునే టాప్ అయితే రోజూ లోపలి పొర వెతుక్కునే బదులు నెక్‌లోనే ముక్క కుట్టేయడం నయం. వీ ఆకారపు నెక్‌కి ఇది కొత్తగా కుట్టు నేర్చుకున్నవాళ్లు కూడా చేయగలరు.

కొలత టాప్ వేసుకునే తీసుకోవాలి, బల్ల మీద పరిచి కాదు. ఒంటి మీద వీ కాస్త విచ్చుకుంటుంది. బల్ల మీద కొలిచి కోసిన ముక్క ఇరుకై రెండు అంచుల్నీ లోపలికి లాగుతుంది, వీ మొన దగ్గర చిన్నచిన్న ముడతలు పడతాయి. అద్దంలో చూస్తూ, మీరు రాసుకున్న గీత ఎత్తులో వీ రెండు అంచుల మధ్య వెడల్పు కొలవండి. అక్కడినుంచి వీ మొనదాకా లోతు కొలవండి. వెడల్పు 5, లోతు 4 అంగుళాలు వచ్చిందనుకుందాం.

గుడ్డ టాప్‌కి దగ్గర బరువున్నదే తీసుకోండి. పల్చటి రేయాన్ టాప్‌కి మందపాటి కాటన్ ముక్క కుడితే ఆ బరువుకి నెక్ కిందికి వేలాడి అసలు సమస్య మళ్లీ మొదటికొస్తుంది. కోసేముందు గుడ్డని ఒకసారి తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకులో ముక్క మాత్రం కుంచించుకుపోయి నెక్ చుట్టూ ముడతలు పడుతుంది. రంగు గుడ్డ అయితే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి.

1. కాగితం మీద పై గీత 5 అంగుళాలు, దాని మధ్యనుంచి కిందికి 4 అంగుళాలు పెట్టి త్రికోణం గీసి కోయండి. టాప్ వేసుకుని దాన్ని నెక్ వెనక పెట్టి చూడండి. తేడా ఉంటే కాగితం దగ్గరే సరిచేసుకోవచ్చు.

2. గుడ్డని నిలువు పోగు వెంట మడవండి. కాగితం పై గీతని సరిగ్గా ఆ మడత మీద పెట్టండి. ఏటవాలు అంచులు రెండింటికీ బయట ముప్పావు అంగుళం మార్జిన్ వదిలి గీత గీసి, రెండు పొరలూ కలిపి కోయండి. పై అంచు మడతే కాబట్టి హెమ్మింగ్ అక్కర్లేదు, బయటికి శుభ్రంగా కనపడుతుంది. పొరపాటున గుడ్డని క్రాస్‌గా (పోగుకి ఏటవాలుగా) మడిచారంటే నాలుగు రోజుల్లో ఆ పై అంచు సాగి సంచిలా వేలాడుతుంది.

3. రెండు పొరల ఏటవాలు అంచుల్ని కలిపి జిగ్‌జాగ్ చేయండి.

4. టాప్ వేసుకుని, ముక్కని నెక్ లోపల పెట్టి పిన్నీసులతో బిగించండి. ఒక్కరే చేసుకోవడం కష్టం, ఎవరైనా సాయం ఉంటే మంచిది. వంగి చూడండి, కూర్చుని చూడండి. పై అంచు ఒంటికి దూరంగా నిలబడితే ముక్క వెడల్పు ఎక్కువైనట్టు. రెండు పక్కలా ఒక్కో పావు అంగుళం లోపలికి జరపండి.

5. టాప్ విప్పి కచ్చా కుట్టు వేసి, పిన్నీసులు తీసేయండి. నెక్‌కి లోపల వైపు విడిగా కుట్టిన గుడ్డ పట్టీ ఉంటే ముక్కని ఆ పట్టీకి మాత్రమే చేత్తో హెమ్మింగ్ చేయండి. సూది బయటి గుడ్డలోకి దిగకూడదు. పట్టీ లేకుండా మడిచి కుట్టిన నెక్ అయితే, ఉన్న మిషన్ కుట్టు మీదే మళ్లీ అదే రంగు దారంతో కుట్టండి.

నాలుగో మెట్టు దగ్గర ఇంకొకటి చూడాలి. ముక్క పెట్టాక తల పడుతుందా? పెద్దవాళ్ల తల చుట్టుకొలత 22, 23 అంగుళాలు ఉంటుంది. సాగని గుడ్డతో కుట్టిన టాప్‌కి, ముక్క పెట్టిన తర్వాత నెక్ చుట్టుకొలత 24 అంగుళాలకి తక్కువైతే తల దూర్చినప్పుడల్లా కుట్లు తెగుతాయి. అప్పుడు ఒక పక్క మాత్రమే కుట్టి, రెండో పక్క మూడు టిచ్ బటన్లు పెట్టండి. పై మూలలో ఒకటి, మధ్యలో ఒకటి, మొన దగ్గర ఒకటి. పై మూల బటన్ని అంచుకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. అక్కడ వదిలేస్తే మూల ముడుచుకుని చెవిలా బయటికి వస్తుంది.

రెండు పక్కలా టిచ్ బటన్లే పెట్టుకుంటే ముక్క పూర్తిగా ఊడొస్తుంది. చెమటా పౌడరూ ముందు అంటేది దానికే, విడిగా ఉతుక్కోవచ్చు. ఇలా చేసేటప్పుడు ముక్కలు రెండు కుట్టుకోండి.

సాగే బనియన్ గుడ్డ టాప్ అయితే ముక్క కూడా సాగేదే ఉండాలి. మిషన్‌కి మొన గుండ్రంగా ఉండే సూది వేసి సన్నటి జిగ్‌జాగ్ కుట్టండి. తిన్నటి కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం సాగక పటుక్కున తెగుతుంది.

నెక్ లోతు కాదు, వదులు అయితే

నిలబడితే ఇబ్బంది లేకుండా, వంగితే తెరుచుకునే నెక్‌కి గుడ్డ కలపడం అనవసరం. భుజం కొలత మీకన్నా పెద్దదై ఉండొచ్చు, లేదా క్రాస్‌గా కోసిన నెక్ అంచు వాడుకలో సాగి ఉండొచ్చు.

అన్నిటికన్నా తేలికైన మందు వెనక మెడలో ఉంది. వెనక పట్టీ కుట్టుని రెండు చోట్ల అర అంగుళం విప్పి, పావు అంగుళం వెడల్పున్న ఎలాస్టిక్‌ని పిన్నీసు సాయంతో లోపలికి దూర్చండి. వెనక మెడ వెడల్పు 7 అంగుళాలుంటే ఎలాస్టిక్ 6 చాలు. రెండు చివర్లూ కుట్టేసి పట్టీ మూసేయండి. వెనక కొద్దిగా కుచ్చు పడి, నెక్ రెండు పక్కలా లోపలికి వస్తుంది, ముందు అంచు ఒంటికి ఆనుకుంటుంది. జుట్టు కిందో కాలర్ కిందో ఆ కుచ్చు ఎవరికీ కనపడదు.

చేతుల్లేని టాప్ అయితే భుజం ఎత్తడం ఇంకో మార్గం. భుజం కుట్టు దగ్గర ముందు నుంచి అర అంగుళం, వెనక నుంచి అర అంగుళం పట్టి కొత్త కుట్టు వేస్తే నెక్ అర అంగుళం పైకి వస్తుంది. ఊరికే రాదు మరి. చంక రౌండు మొత్తంగా అంగుళం తగ్గుతుంది, ఛాతీ టక్కులూ నడుమూ కూడా అర అంగుళం పైకి జరుగుతాయి. చంక అప్పటికే వదులుగా ఉంటే ఒక్క దెబ్బకి రెండు పనులూ అయినట్టే. చంక సరిపోయి ఉంటే మాత్రం ముందూ వెనకా కలిపి ముప్పావు అంగుళం దాటొద్దు, చేతులు కోసుకుపోతాయి. చేతులున్న టాప్‌కి ఇది చేయాలంటే చేతులు విప్పి మళ్లీ వేయాలి. అది దర్జీకి ఇవ్వాల్సిన పని. సన్నటి పట్టీల డ్రెస్సుకైతే వెనక పట్టీ కుట్టు విప్పి, పొట్టి చేసి, మళ్లీ కుడితే చాలు.

ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చి నడుము దగ్గర ముడివేసే డ్రెస్సులు వంగగానే తెరుచుకుంటాయి. ఆ అంచు మొత్తం క్రాస్‌గా ఉండటమే కారణం. వేసుకుని, కూర్చుని, రెండు అంచులూ కలిసే చోట గుర్తు పెట్టి టిచ్ బటన్ కుట్టండి. నిలబడి గుర్తు పెడితే కూర్చున్నప్పుడు బటన్ లాగుతుంది. లోపలి అంచుని ఇంకో అంగుళం అవతలికి జరిపి ముడేసినా రెండూ కలిసే చోటు పైకి వస్తుంది.

షర్టు బటన్ల మధ్య సందు పడటం దీని చుట్టమే. ఛాతీ బాగా ఎత్తుగా ఉన్న చోటు సరిగ్గా రెండు బటన్ల నడుమ పడితే అక్కడ నోరు తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ చోటే లోపల వైపు చిన్న టిచ్ బటన్ వేస్తే బయటికి ఏమీ తెలియదు. రెండు మూడు చోట్ల సందు పడుతుంటే షర్టే ఇరుకు. బటన్లతో దాన్ని ఆపలేరు. పైన తెరిచి వదిలి, లోపల టీషర్టు వేసుకోండి.

మెడ దగ్గర గుడ్డ మడతలు మడతలుగా వేలాడే కౌల్ నెక్‌ని కుట్లతో ఆపబోతే దాని అందమే పోతుంది. లోపల నిండైన స్లిప్ ఒక్కటే దానికి సరైనది.

చంకలు, వీపు

చంక రౌండు వదులుగా ఉంటే చంక కింద పక్క కుట్టుని అర అంగుళం లోపలికి వేసి, కిందికి నాలుగైదు అంగుళాల్లో పాత కుట్టులో కలిపేయండి. రెండు పక్కలా కలిపి ఛాతీ చుట్టుకొలత రెండు అంగుళాలు తగ్గుతుంది కాబట్టి ముందే పిన్నీసులు పెట్టి ఊపిరి పీల్చి చూసుకోండి. ఛాతీ దగ్గర వదులు లేని టాప్ అయితే లోపల చంక బాగా పైకి ఉన్న టాంక్ టాప్ వేయాలి, లేదా పైన పొట్టి ష్రగ్ వేసుకోవాలి.

వీపు లోతుగా ఉన్నవాటికి వీ నెక్ పద్ధతే వెనక్కి తిప్పి చేయొచ్చు. ఒక్క తేడా ఉంది. చేతులు ముందుకి చాపినప్పుడు వీపు వెడల్పవుతుంది, ముక్క బిగిస్తుంది. కొలిచేటప్పుడు రెండు చేతులూ ముందు కట్టుకుని కొలిపించుకోండి. లేసు వేయాలనుకుంటే దాని వెనక మీ చర్మం రంగు నెట్ ఒక పొర పెట్టండి. లేసు పూలు బల్ల మీద దగ్గర దగ్గరగానే ఉన్నట్టుంటాయి గానీ ఒంటి మీద సాగాక సందులు పెద్దవవుతాయి.

అప్పటికప్పుడు

కుట్టే సమయం లేనప్పుడు చతురస్రపు స్కార్ఫ్ ఆదుకుంటుంది. 22 అంగుళాల స్కార్ఫ్‌ని మూలకి మూల మడిస్తే పొడవు వైపు 31 అంగుళాలు వస్తుంది, మెడ చుట్టూ తిప్పి వెనక ముడేయడానికి అది చాలు. త్రికోణం మొన ముందుకి ఉంచి, నెక్ లోపలికి దోపండి. మొనని బ్రా మధ్యభాగానికి చిన్న పిన్నీసుతో పట్టిస్తే మెడ తిప్పినా కదలదు. నున్నటి పట్టు స్కార్ఫ్ ముడి నిలవదు. ముడి వేసే ముందు రెండు చివర్లూ కాస్త తడి చేస్తే పట్టుకుంటుంది.

పిన్నీసు ఎప్పుడూ లోపలినుంచే పెట్టాలి. బయటి గుడ్డని కాకుండా లోపలి పట్టీనీ స్లిప్ పట్టీనీ కలిపి పట్టించండి. పట్టు, షిఫాన్ లాంటి గుడ్డకి పిన్నీసు లాగిన చోట పోగు జరిగి కన్నం మిగిలిపోతుంది. తప్పనిసరైతే రెండు పొరల మధ్య చిన్న గుడ్డముక్క పెట్టి పొడవండి.

రెండు వైపులా అంటుకునే బట్టల టేపు కొన్ని గంటలు మాత్రమే పనిచేస్తుంది, అదీ పొడి చర్మం మీదే. క్రీము, నూనె, పౌడరు రాసుకున్న చోట పట్టుకోదు, చెమట పడితే వదిలేస్తుంది. మొదటిసారి వాడేవాళ్లు ముందురోజు మోచేతి లోపలి వైపు చిన్న ముక్క అంటించి దద్దుర్లు వస్తాయేమో చూసుకోవాలి. ఎండకి కమిలిన చర్మం మీద, గీరుకున్న చోట అసలు వద్దు. తీసేటప్పుడు గుడ్డని లాగకుండా చర్మాన్ని వేలితో నొక్కి పట్టి మెల్లగా వలవండి. ఉతకడానికి వేసే ముందే టేపు మొత్తం తీసేయాలి. జిగురు ఉండిపోతే దుమ్ము పట్టి నల్లటి మచ్చవుతుంది.

కొనేటప్పుడు

టాప్‌ని లోపలికి తిప్పి చూడండి. నెక్‌కి అంగుళమైనా పట్టీ ఉంటే తర్వాత ముక్క కుట్టడం తేలిక. భుజం కుట్టులో, పక్క కుట్టులో మార్జిన్ ఉందా చూడండి. నెక్ లోతున్నా భుజాలు మీ కొలతకి సరిగ్గా కూర్చున్న టాప్‌ని బాగుచేయొచ్చు. నెక్ తక్కువ లోతే అయినా భుజాలు రెండు పక్కలా జారిపోయే టాప్‌తో ఎప్పుడూ తంటానే. అందుకే లోతుకన్నా భుజాన్ని ముందు చూడాలి.

పట్టీలు లేకుండా లోపల గట్టి పుల్లలు వేసి నిలబెట్టిన గౌన్లు, పూసలూ చెమ్కీలూ నెక్ అంచుదాకా కుట్టినవి, మొత్తం నెట్‌తోనే చేసినవి విప్పి కుట్టడానికి లొంగవు. పుల్లల గౌను లోపల మెడ నిండుగా ఉండే సాగే టీషర్టు వేసి, గౌనుని దాని మీద పినాఫోర్‌లా వేసుకుంటే బాగుంటుంది. టీషర్టు పల్చగా, ఒంటికి అతుక్కుని ఉండాలి. దాని భుజం కుట్టు మందంగా ఉంటే గౌను అంచు అక్కడ ఎత్తుగా నిలబడిపోతుంది. చెమ్కీల నెక్‌కి లోపలి పొరగా లేసు వద్దు, చెమ్కీ అంచులకి చిక్కుకుని చిరుగుతుంది. నున్నటి గుడ్డతో చేసిన డిక్కీ వేసుకుని, దాని ముందు భాగాన్ని బ్రాకి రెండు పక్కలా పట్టించేయండి.